రెండు ఛానెళ్లు, ఒకే దారి: పాత ట్యూబ్ గిటార్ ఆంప్‌లు ఎందుకలా ప్రవర్తిస్తాయి

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లకు స్టేజీ మీద కనీసం రెండు రకాల శబ్దం కావాలి. పాటకు వెనక నడిచే రిథమ్‌కి ప్రతి తీగా విడిగా వినిపించే క్లీన్ టోన్ ఒకటి. సోలో వచ్చేసరికి ముందుకు దూసుకొచ్చి, మీటిన స్వరం చాలాసేపు నిలిచే డిస్టార్షన్ మరొకటి. కాలితో ఒక బటన్ నొక్కితే ఈ రెండూ మారిపోవడం ఇప్పుడు అందరికీ అలవాటైన విషయం. ట్యూబ్ ఆంప్‌లో, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫయర్‌లో మాత్రం ఈ సదుపాయం 1970ల చివర్లో గానీ కుదురుకోలేదు. అప్పటి నుంచి 1990 దాకా తయారైన ఛానెల్ స్విచింగ్ ఆంప్‌ల గురించి సంగీతకారుల్లో రెండు మాటలు కలిసే వినిపిస్తాయి: ఇవి విసిగిస్తాయి, ఇవి అద్భుతంగా పలుకుతాయి. రెండూ నిజమే. ఆ విసుగుకూ, ఆ అద్భుతానికీ చాలావరకు కారణం ఒకటే. ఆ రోజుల్లో రెండు ఛానెళ్లు అంటే రెండు వేర్వేరు ఆంప్‌లు కావు. ఒకే సర్క్యూట్‌ని మధ్యలో చీల్చి మళ్లీ కలిపేవారు.

అంతకు ముందు కూడా ఆంప్ ముందు పలక మీద రెండు ఛానెళ్లు ఉండేవి. 1960ల ఫెండర్ కంపెనీ ఆంప్ ట్విన్ రివర్బ్‌నే తీసుకుంటే నార్మల్ అని ఒకటి, వైబ్రాటో అని ఒకటి, దేని ఇన్‌పుట్లు దానికే. కానీ అవి ఇద్దరు వాద్యకారులు ఒకే ఆంప్ వాడుకోవడానికో, ఒకరికి రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని), మరొకరికి అది లేకుండానో పెట్టినవి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే కేబుల్ పీకి మళ్లీ గుచ్చాలి. అదే కాలపు మార్షల్ ఆంప్‌లలో చిన్న కేబుల్‌తో రెండు ఛానెళ్లనూ కలిపి వాడేవాళ్లు చాలామంది ఉండేవారు. ఫెండర్‌లో ఆ పని చేస్తే శబ్దం పెరగకపోగా పలచబడేది. ట్రయోడ్ అనే రకం ట్యూబ్ స్టేజీ (సిగ్నల్‌ని ఒక మెట్టు పెంచే భాగం) దాటిన ప్రతిసారీ సిగ్నల్ తలకిందులవుతుంది. వైబ్రాటో ఛానెల్లో ఒక స్టేజీ ఎక్కువ ఉండడంతో రెండు ఛానెళ్లూ కలిసే చోట ఒకటి పైకి వెళ్తుంటే ఇంకోటి కిందికి వెళ్తుంది, ఒకదాన్నొకటి తినేస్తాయి. ఈ చిన్న సంగతి తర్వాతి కథకంతా పునాది. ట్యూబ్ సర్క్యూట్‌లో ఒక స్టేజీ కలపడమంటే శబ్దం పెంచడం ఒక్కటే కాదు. దాని దిశ, దాని స్వభావం కూడా మారతాయి.

పెడల్ లేకుండా ఆంప్ నుంచే డిస్టార్షన్ రావాలంటే అప్పట్లో మామూలు మార్గం వాల్యూమ్‌ని చివరిదాకా తిప్పడం. స్పీకర్‌ని నడిపే చివరి ట్యూబులు, అంటే పవర్ ట్యూబులు, ఇక మోయలేని స్థితికి వచ్చి సిగ్నల్ అంచుల్ని కోసేస్తే ఆ గరుకుదనం వచ్చేది, దాంతోపాటు చెవులు పగిలే శబ్దమూ వచ్చేది. కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ 1960ల చివర్లో చిన్న ఫెండర్ ప్రిన్స్‌టన్ ఆంప్‌లను విప్పి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, 12 అంగుళాల స్పీకర్ పెట్టి తిరగ్గట్టేవాడు. వాటి నుంచే మెసా బూగీ మార్క్ వన్ పుట్టింది. అందులో అసలు కొత్తదనం ప్రీఆంప్‌లో, అంటే పవర్ ట్యూబుల కంటే ముందుండే భాగంలో, అదనంగా పెట్టిన గెయిన్ స్టేజీ (సిగ్నల్‌ని పెంచే ట్యూబ్ స్టేజీ). ఒక ట్యూబ్ పెంచిన సిగ్నల్‌ని ఇంకో ట్యూబ్‌కి, దాన్నుంచి మరోదానికి అందిస్తూ పోతే పవర్ ట్యూబుల దాకా వెళ్లకముందే డిస్టార్షన్ వచ్చేస్తుంది. చివర్లో మాస్టర్ వాల్యూమ్ పెట్టి మొత్తం శబ్దాన్ని తగ్గించుకోవచ్చు. ప్రీఆంప్‌లో అందరూ వాడే 12ఏఎక్స్7 ట్యూబ్ ఒక స్టేజీలో సిగ్నల్‌ని సుమారు 50 రెట్లు పెంచగలదు. రెండు స్టేజీలు వరుసగా ఉంటే, మధ్యలో పోయేది పోగా కూడా వందల రెట్లు మిగులుతుంది. ఆ అదనపు స్టేజీలను కావలసినప్పుడు కలిపి, వద్దనుకున్నప్పుడు పక్కన పెట్టే స్విచ్ ఉంటే రెండు ఛానెళ్లు తయారైనట్టే. 1978లో వచ్చిన మార్క్ టూ చేసిన పని అదే. దాదాపు అదే దశాబ్దంలో అలెగ్జాండర్ డంబుల్ కట్టిన ఓవర్‌డ్రైవ్ స్పెషల్‌లో కూడా క్లీన్ ఛానెల్ నుంచి బయటికొచ్చిన సిగ్నలే ఓవర్‌డ్రైవ్ స్టేజీల్లోకి వెళ్తుంది. రెండు ఆంప్‌ల శబ్దంలో పోలిక తక్కువ, లోపలి ఆలోచన మాత్రం ఒక్కటే.

ఈ ఆలోచనలోనే చిక్కు కూడా ఉంది. లీడ్, అంటే సోలోకి వాడే డిస్టార్షన్ ఛానెల్, రిథమ్ (క్లీన్) ఛానెల్‌కి తగిలించిన తోక అయినప్పుడు, రిథమ్ నాబుల్లో దేన్ని కదిలించినా లీడ్ మారుతుంది. మార్క్ టూలో మొదటి వాల్యూమ్ నాబ్ రెండింటికీ ఉమ్మడి. లీడ్ నిండుగా పలకాలంటే దాన్ని బాగా పైకి తిప్పాలి. అలా తిప్పితే క్లీన్ అనుకున్న ఛానెల్ అంచుల్లో చిట్లడం మొదలవుతుంది. క్లీన్ శుభ్రంగా ఉండాలని తగ్గిస్తే లీడ్ పలచబడుతుంది. ఏ రెండు అంకెల మధ్య ఆగాలన్నది గిటార్ పికప్‌ని బట్టి, వాయించే చేతి బరువుని బట్టి మారుతుంది. ఒకరు ఎంతో కష్టపడి కుదుర్చుకున్న సెట్టింగ్ ఇంకొకరి చేతిలో అసలు పని చేయదు. ఈ ఆంప్‌ల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

దీనికంటే ఆసక్తికరమైనది టోన్ నాబులు ఉన్న చోటు. బేస్, మిడ్, ట్రెబుల్ నాబులున్న భాగం సర్క్యూట్‌లో ఎక్కడ ఉందన్నదాన్ని బట్టే అవి చేసే పని మారిపోతుంది. మార్షల్ సంప్రదాయంలో అవి గెయిన్ స్టేజీలన్నీ అయ్యాక వస్తాయి. డిస్టార్షన్ ముందే తయారై ఉంటుంది, నాబులు దాని రంగు దిద్దుతాయి. మార్క్ సిరీస్‌లో ఫెండర్ పద్ధతి ప్రకారం అవి మొదటి ట్యూబ్ స్టేజీ తర్వాతే, అంటే డిస్టార్షన్ పుట్టకముందే వస్తాయి. కాబట్టి బేస్ నాబ్ తిప్పితే పెరిగేది చివర వినిపించే బేస్ కాదు. తర్వాతి స్టేజీల్లోకి తోసే బేస్ పెరుగుతుంది. లావు తీగల కంపనం మిగతా అన్నిటికంటే బలంగా ఉంటుంది కనుక ముందు అదే ట్యూబులను ముంచెత్తుతుంది, శబ్దం బురదగా మారుతుంది. అందుకే మార్క్ ఆంప్‌లలో బేస్‌ని సున్నా, ఒకటి దగ్గర పెట్టి, ట్రెబుల్‌ని ఏడు ఎనిమిది దాకా తీసుకెళ్తారు. కొత్తగా చూసేవాళ్లకు ఇది పొరపాటు సెట్టింగ్‌లా అనిపిస్తుంది. ఇక్కడ ట్రెబుల్ నాబ్ సగం గెయిన్ నాబ్ పని చేస్తోందని అర్థమయ్యాక ఆంప్ దారికొస్తుంది. ముందు వదులుకున్న బేస్‌ని తిరిగి తెచ్చుకోవడానికి చాలా మార్క్ ఆంప్‌లకు సర్క్యూట్ చివర్లో 80, 240, 750, 2200, 6600 హెర్ట్జ్‌ల దగ్గర ఐదు స్లైడర్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ ఉంటుంది. మధ్య స్లైడర్‌ని దించి రెండు కొసలనూ ఎత్తి పెట్టే ఆకారం ఈ ఆంప్‌లతో బాగా వాడుకలోకి వచ్చింది. 1980ల్లో మెటల్ బ్యాండ్ మెటాలికా వాడిన మార్క్ టూ సీ ప్లస్ (మార్క్ టూ తర్వాతి వెర్షన్) శబ్దంలో ఆ బిగువు రావడానికి ఇదే దారి: బేస్ లేకుండా డిస్టార్షన్ చేయడం, తర్వాత బేస్ కలపడం. ఈ పని పెడల్‌తో చేయలేరని కాదు. ఆంప్ లోపలే ఆ క్రమం కుదిరి ఉండడమే ఆ సర్క్యూట్ గొప్పతనం.

మార్షల్ ఇంకో దారి పట్టింది. జేసీఎం800 పేరుతో 1981లో వచ్చిన ఆంప్‌లు ఒకే ఛానెల్‌వి. వాటినే చాలామంది ఆ కంపెనీ అసలు శబ్దంగా భావిస్తారు. వాటి తర్వాత 50 వాట్ల 2205, 100 వాట్ల 2210 వచ్చాయి. వీటిలో రెండు ఛానెళ్లు, రివర్బ్, ఫుట్‌స్విచ్ ఉన్నాయి, ఛానెల్‌కి వేర్వేరు టోన్ నాబులు కూడా ఉన్నాయి. కాగితం మీద చూస్తే మెసా ఇబ్బందులన్నీ తీరిపోయినట్టే. వాస్తవంలో తొలి ఆంప్‌లలో ఒక ఛానెల్ ఇంకో ఛానెల్లోకి కారేది. వాడని ఛానెల్ వాల్యూమ్ ఎక్కడుందన్నదాన్ని బట్టి వాడుతున్న ఛానెల్ టోన్ మారేది. తర్వాత సర్క్యూట్ సవరించారు. పైగా బూస్ట్ అనే డిస్టార్షన్ ఛానెల్లో ఆ గరుకుదనం కొంత ట్యూబుల నుంచి, కొంత డయోడ్లనే చిన్న సెమీకండక్టర్ భాగాల నుంచి వస్తుంది. ఇది ట్యూబ్ ఆంప్ అభిమానులకు మింగుడుపడలేదు, ఆ మోడళ్లకు చాలా ఏళ్లు చిన్నచూపే దక్కింది. ఆ చిన్నచూపు న్యాయం కాదు. డయోడ్లు సిగ్నల్‌ని ఒక హద్దు దగ్గర నికరంగా ఆపేస్తాయి కాబట్టి ఆ ఛానెల్ ఒకే ఛానెల్ జేసీఎం800 కంటే ముడుచుకుని, ఒత్తుగా వినిపిస్తుంది. రేజ్ అగైనెస్ట్ ది మెషీన్ బ్యాండ్ గిటారిస్ట్ టామ్ మొరెల్లో దశాబ్దాల పాటు నమ్ముకున్నది 2205నే. విడిగా గదిలో వింటే కాస్త గట్టిగా, ఎండిపోయినట్టు అనిపించే ఆ టోన్ డ్రమ్స్, బేస్ గిటార్ పక్కన నిలబడితే సరిగ్గా తన చోట తాను కూర్చుంటుంది.

ఒక ఛానెల్ ఇంకోదాంట్లోకి ఎలా కారుతుంది? ఇది తయారీలో నిర్లక్ష్యం అనుకుంటారు గానీ, భౌతిక కారణాలు బలమైనవి. ట్యూబ్ గ్రిడ్ దగ్గర, అంటే సిగ్నల్ ట్యూబ్‌లోకి వెళ్లే కొస దగ్గర, ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) చాలా ఎక్కువ, మామూలుగా ఒక మెగాఓమ్ వరకు ఉంటుంది. పక్కపక్కనే నడిచే రెండు తీగల మధ్యో, స్విచ్ రెండు కాళ్ల మధ్యో 1 పికోఫారడ్ కెపాసిటెన్స్ ఉందనుకుందాం, అది కంటికి కనిపించనంత చిన్న సంగతి. 10 వేల హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 16 మెగాఓమ్‌ల రెసిస్టర్‌తో సమానం. అంటే పక్క తీగలోని పై స్థాయి శబ్దంలో పదహారో వంతు ఇటు చేరుతుంది. పక్క తీగలో ఉన్నది వందల రెట్లు పెంచిన లీడ్ సిగ్నల్ అయితే ఆ పదహారో వంతు కూడా తక్కువేమీ కాదు. కారేది ఎప్పుడూ ట్రెబులే కాబట్టి, క్లీన్ టోన్ వెనక సన్నగా జుయ్ మంటూ డిస్టార్షన్ నీడ వినిపిస్తుంది. దీనికి ఇంకో దారి కూడా ఉంది. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు ఉంటాయి, ఒకటి ఈ ఛానెల్‌కి, ఒకటి ఆ ఛానెల్‌కి వాడుకునేవారు. రెండు ఛానెళ్లకూ ఒకే ఫిల్టర్ కెపాసిటర్ (కరెంట్ సరఫరాను నిలకడగా ఉంచే భాగం) నుంచి కరెంట్ అందుతుంటే, ఒకదాని ఊపు ఆ సరఫరా ద్వారా ఇంకోదాన్ని కదిలిస్తుంది. కెపాసిటర్ పాతబడేకొద్దీ ఈ జబ్బు ముదురుతుంది. ఆంప్ కొత్తగా ఉన్నప్పుడు లేని లీకేజీ నలభై ఏళ్ల తర్వాత వినిపిస్తుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

స్విచ్ నొక్కినప్పుడు వచ్చే టప్ శబ్దం ఇంకో పాత బాధ. ట్యూబుల ప్లేట్ల (పెరిగిన సిగ్నల్ బయటికొచ్చే కొసల) మీద వందల వోల్టుల డీసీ ఉంటుంది. దాన్ని ఆపి సంగీతపు సిగ్నల్‌ని మాత్రమే దాటించడం కప్లింగ్ కెపాసిటర్ పని. అది కొద్దిగా లీకైనా స్విచ్‌కి ఒక పక్క కొన్ని వోల్టులు నిలబడతాయి. నొక్కగానే అవి ఒక్కసారిగా జారి, తర్వాతి స్టేజీల్లో వందల రెట్లు పెరిగి స్పీకర్ దాకా వస్తాయి. మార్క్ టూ తొలి వెర్షన్లలో రిలేలు (కరెంట్‌తో కదిలే చిన్న స్విచ్‌లు) వాడారు, వాటి టప్ శబ్దం పేరుమోసింది. మార్క్ టూ సీ నుంచి రిలేల బదులు కాంతితో పనిచేసే ఆప్టోకప్లర్లు వచ్చాయి. చిన్న నల్లటి డబ్బాలో ఒక ఎల్ఈడీ, దాని ఎదురుగా వెలుగుని బట్టి రెసిస్టెన్స్ మారే కాడ్మియం సల్ఫైడ్ ముక్క ఉంటాయి. దీపం వెలిగితే దారి తెరుచుకుంటుంది, ఆరితే మూసుకుంటుంది. ఆ మూసుకోవడం ఒక్క క్షణంలో జరగదు, కొన్ని మిల్లీసెకన్లు నెమ్మదిగా సాగుతుంది. ఆ మందకొడితనమే ఇక్కడ వరం. ఒక శబ్దం తగ్గుతూ ఇంకోటి పెరుగుతూ ఛానెల్ మెత్తగా మారుతుంది, టప్ వినిపించదు. కొన్ని కంపెనీలు జేఫెట్ ట్రాన్సిస్టర్లతో స్విచింగ్ చేశాయి. అవి చవక, నిశ్శబ్దం. కానీ ట్యూబుల మధ్య పదుల వోల్టులు ఊగే సిగ్నల్‌ని అవి తట్టుకోలేవు, కాబట్టి సిగ్నల్‌ని ముందు బాగా తగ్గించి, దాటించి, మళ్లీ పెంచాలి. స్విచ్ ఏ రకమన్నది సౌకర్యానికి సంబంధించిన విషయంలా కనిపిస్తుంది గానీ, సర్క్యూట్ మొత్తాన్ని అదే శాసిస్తుంది. ఇప్పుడు కాడ్మియం మీద ఐరోపాలో ఆంక్షలున్నాయి, పాత ఆప్టోకప్లర్ పోతే సరిగ్గా అలాంటిదే దొరకడం అంత తేలిక కాదు.

ఫెండర్ సంగతికొస్తే, 1980ల మొదట్లో పాల్ రివేరా ఆధ్వర్యంలో వచ్చిన ఆంప్‌లకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదనే చెప్పాలి. కాన్సర్ట్, ట్విన్ రివర్బ్ టూ, డీలక్స్ రివర్బ్ టూ, సూపర్ చాంప్: వీటన్నిట్లో ఫెండర్ క్లీన్ ఛానెల్ ఎలా ఉండాలో అలాగే ఉంది, దాంతోపాటు ఫుట్‌స్విచ్‌తో వచ్చే లీడ్ ఉంది. లీడ్ కొంచెం కరుకుగా ఉంటుందన్నది నిజమే. కానీ 18 వాట్లు, ఒక్క 10 అంగుళాల స్పీకర్ ఉన్న సూపర్ చాంప్ చిన్న గదిలో చేసే పని చూస్తే, అంత చిన్న పెట్టెలో అంత ఆలోచన ఇంకెవరూ ఇరికించలేదనిపిస్తుంది. చోటు చాలక అందులో మూడు ట్రయోడ్లు కలిసి ఉన్న 6సీ10 అనే ట్యూబ్ వాడారు. అది మామూలు గిటార్ ఆంప్‌లలో కనిపించే ట్యూబ్ కాదు, పోతే పాత స్టాకులో వెతుక్కోవాల్సిందే.

ఈ తరం చివర్లో వచ్చి తర్వాతి తరానికి బాట వేసినది మైక్ సోల్డానో 1987లో తెచ్చిన ఎస్ఎల్ఓ 100. దీంట్లో ప్రతి ఛానెల్‌కీ వేరే గెయిన్, వేరే మాస్టర్ ఉన్నాయి. కాబట్టి మార్క్ టూలోని పీటముడి లేదు. కానీ బేస్, మిడ్, ట్రెబుల్, ప్రెజెన్స్ మాత్రం రెండింటికీ ఒకటే. ఓవర్‌డ్రైవ్ దారిలో ఒక ట్యూబ్ స్టేజీకి కాథోడ్ (ట్యూబ్‌లో ఎలక్ట్రాన్లు బయలుదేరే కొస) దగ్గర 39 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టారు. మామూలుగా అక్కడ ఉండేది ఒకటి, రెండు కిలోఓమ్‌లే. దాంతో ఆ ట్యూబ్ దాదాపు కరెంట్ ఆగిపోయే అంచున నడుస్తూ, సిగ్నల్ ఒక సగాన్ని నరికేసి ఇంకో సగాన్ని వదిలేస్తుంది. ఎంత గెయిన్ పెంచినా తీగల మధ్య తేడా పోకుండా ఉండడానికి ఈ ఒక్క రెసిస్టర్ చేసిన మేలు ఎక్కువ. తర్వాత వచ్చిన ఎన్నో హై గెయిన్ ఆంప్‌లలో దీని జాడ కనిపిస్తుంది.

ఉమ్మడి టోన్ నాబులను లోపంగానే లెక్కేస్తారు. నిజానికి వాటి వల్ల ఒక లాభం ఉంది, బ్యాండ్‌తో వాయించేటప్పుడే అది తెలుస్తుంది. ఛానెల్‌కో టోన్ సెట్ ఉన్న ఆధునిక ఆంప్‌లో క్లీన్‌ని ఒక రకంగా, లీడ్‌ని పూర్తిగా ఇంకో రకంగా దిద్దుకునే స్వేచ్ఛ ఉంటుంది, చాలామంది ఆ స్వేచ్ఛను అతిగా వాడతారు. బటన్ నొక్కగానే గిటారే మారిపోయినట్టు అనిపిస్తుంది, పాట ఒక్క క్షణం తడబడుతుంది. ఉమ్మడి నాబులున్న పాత ఆంప్‌లో క్లీన్ నుంచి లీడ్‌కి వెళ్తే, మెల్లగా మాట్లాడుతున్న మనిషే గొంతు పెంచినట్టు ఉంటుంది. వింటున్నవాళ్లు వాద్యాన్ని కోల్పోరు. రెండు సెట్టింగ్‌లూ అద్భుతంగా కుదరాలన్న పట్టుదల వదిలి, ఒకే టోన్‌కి రెండు స్థాయిలు కావాలనుకున్నవాళ్లకు ఈ ఆంప్‌లు వెంటనే లొంగుతాయి.

దీనికి తోడు సర్క్యూట్ పొట్టిగా ఉంటుంది. గిటార్ నుంచి స్పీకర్ దాకా సిగ్నల్ దాటే స్టేజీలు తక్కువ కావడంతో, గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌కి ఆంప్ పలికే తీరు చాలా సున్నితంగా ఉంటుంది. లీడ్ ఛానెల్లోనే ఉండి గిటార్ వాల్యూమ్‌ని సగానికి దించితే ఇంకో టోన్ వస్తుంది, దాన్ని క్లీన్ అనలేం, డిస్టార్షన్ అనలేం. చాలామంది మంచి వాద్యకారులు ఎక్కువసేపు గడిపేది అక్కడే. ఆ లెక్కన రెండు ఛానెళ్ల ఆంప్‌లో వాడుకోదగ్గ టోన్లు నాలుగో ఐదో ఉన్నట్టు. వెనకనున్న పవర్ ట్యూబులు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఇందులో భాగమే. మాస్టర్ బాగా దించి వాడితే ఈ ఆంప్‌లు సన్నగా, ఇసుక రాలినట్టు వినిపిస్తాయి. గెయిన్ కొంచెం తగ్గించి మాస్టర్‌ని కొంచెం పెంచి, పవర్ ట్యూబులను కూడా పనిలోకి దించినప్పుడు శబ్దానికి ఒళ్లు వస్తుంది. 100 వాట్ల ఆంప్‌తో ఇంట్లో అది సాధ్యం కాదు, ఈ విషయంలో ఏ సర్దుబాటూ పూర్తిగా సరిపోదు. 1987 నాటి మార్షల్ సిల్వర్ జూబిలీలో పవర్‌ని సగానికి తగ్గించే స్విచ్ పెట్టింది ఈ ఇబ్బందిని తేలిక చేయడానికే. అయితే 100 వాట్లకూ 50 వాట్లకూ చెవికి వినిపించే తేడా మూడు డెసిబెల్స్ మాత్రమే. శబ్దం సగమవుతుందనుకుని నొక్కినవాళ్లు నిరాశపడతారు.

ఎఫెక్ట్స్ లూప్, అంటే పెడళ్లను ఆంప్ సర్క్యూట్ మధ్యలో తగిలించుకునే ఏర్పాటు గురించి ఒక్క మాట. 1980లో వచ్చిన మార్క్ టూ బీలో లూప్ ఉంది గానీ, అది పెట్టిన చోటు వల్ల లీడ్ ఛానెల్లో కొన్ని పెడళ్లు తట్టుకోలేక చిట్లుతాయి. అందులో వాల్యూమ్ పెడల్ పెడితే శబ్దం బదులు డిస్టార్షన్ తగ్గుతుంది. తర్వాతి వెర్షన్‌లో ఈ ఏర్పాటు మెరుగుపడింది. డిలే, రివర్బ్ పెడళ్లు ఎక్కువగా వాడేవాళ్లు పాత ఆంప్ కొనేముందు తెలుసుకోవాల్సిన మొదటి విషయం లూప్ ఎక్కడుందన్నదే.

ఇలాంటి ఆంప్ చేతికొస్తే ముందు గుర్తుంచుకోవాల్సింది, ప్లగ్ తీసేశాక కూడా లోపలి ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండొచ్చు. తెలిసిన మెకానిక్ తప్ప ఇంకెవరూ విప్పకూడదు. స్పీకర్ తగిలించకుండా ఆన్ చేస్తే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, ఈ ఆంప్‌లో అన్నిటికంటే ఖరీదైన, మార్చడానికి మనసొప్పని భాగం అదే. నలభై ఏళ్ల ఆంప్‌లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇంకా అసలువే అయితే మార్చేయడం మంచిది. అమ్మకపు విలువ తగ్గుతుందని వాటిని అలాగే ఉంచడంలో అర్థం లేదు, హమ్ వస్తున్న ఆంప్‌ని ఎవరూ వాయించరు. ఛానెల్ మారనప్పుడు కూడా వెంటనే ట్యూబులను అనుమానించనక్కర్లేదు. ఫుట్‌స్విచ్ కేబుల్, జాక్ దగ్గర చిట్లిన టంకం, రిలేకి కరెంట్ ఇచ్చే చిన్న డయోడ్ వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

మోడల్ గుర్తుపట్టడంలోనూ జాగ్రత్త కావాలి. మార్క్ టూ సీ ప్లస్‌కి గుర్తు ముందు పలక మీద ఉండదు. వెనక, పవర్ కేబుల్ బయటికొచ్చే చోటు పైన చేత్తో గీసిన ప్లస్ గుర్తు ఉంటుంది. 1985లో మొదలైన మార్క్ త్రీలో కూడా ఏ సవరణ సర్క్యూట్ అన్నది అదే చోట రంగు మార్కర్‌తో గీసిన చార చెబుతుంది. ఊదా, ఎరుపు, నీలం, ఆకుపచ్చ చారలున్న ఆంప్‌లు ముందు నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. గీత గీయడం ఎవరికైనా చేతనవుతుంది కాబట్టి, పెద్ద మొత్తం పెట్టేముందు సర్క్యూట్ తెలిసినవాళ్లు లోపల చూసి చెప్పాకే నమ్మాలి.